పాత బోర్డింగ్ స్కూళ్లలో లెక్కల మాస్టారి కొలువు

ఐఐటీకి తయారయ్యే మన పిల్లల బల్లల మీద ఇప్పటికీ కనిపించే పుస్తకం హాల్ అండ్ నైట్ ‘హయ్యర్ ఆల్జీబ్రా’. 1887లో తొలిసారి అచ్చయింది. రాసిన ఇద్దరూ విశ్వవిద్యాలయ ఆచార్యులు కారు, బడిపంతుళ్లు. హెన్రీ సింక్లెయిర్ హాల్ బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ కాలేజీలో, శామ్యూల్ రాట్‌క్లిఫ్ నైట్ మార్ల్‌బరో కాలేజీలో పాఠాలు చెప్పారు. పేరుకు కాలేజీలే గానీ రెండూ పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బోర్డింగ్ స్కూళ్లు. ఆ పుస్తకంలో తేలిక లెక్క తర్వాత కాస్త కష్టమైనది, దాని తర్వాత మరికాస్త కష్టమైనది వచ్చే తీరు చూసినప్పుడల్లా, పిల్లలు ఎక్కడ ఆగిపోతారో పక్కన కూర్చుని చూసినవాళ్లే ఇలా రాయగలరనిపిస్తుంది నాకు.

ఇలాంటి బోర్డింగ్ స్కూళ్లు మన దేశంలోనూ కొన్ని వెలిశాయి. సనావర్‌లోని లారెన్స్ స్కూల్ 1847 నాటిది, ఊటీ పక్కన లవ్‌డేల్‌లో ఉన్నది 1858 నాటిది. రెండూ మొదట బ్రిటిష్ సైనికుల పిల్లల కోసం పెట్టినవి. సిమ్లాలో బిషప్ కాటన్ స్కూల్ 1859లో, రాజకుమారుల కోసం అజ్మీర్‌లో మేయో కాలేజీ 1875లో వచ్చాయి. గ్వాలియర్ కోట మీదున్న సింధియా స్కూలుది 1897. డెహ్రాడూన్‌లో 1935లో డూన్ స్కూల్ తెరిచినప్పుడు మొదటి హెడ్‌మాస్టరుగా వచ్చిన ఆర్థర్ ఫుట్ అంతకుముందు ఇంగ్లండులోని ఈటన్ బడిలో సైన్సు చెప్పినవాడు. మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ దారి వేరు. పోటీకి, పోలికకు చదువులో చోటుండకూడదని జిడ్డు కృష్ణమూర్తి పట్టుబట్టిన బడి అది. అయినా పిల్లలూ పంతుళ్లూ ఒకే ప్రాంగణంలో బతకడం అక్కడా ఉన్నదే.

ఈ బళ్లకు లెక్కల టీచర్లు ఎప్పుడూ కావాలి. మన దగ్గర సబ్జెక్టు గట్టిగా ఉన్నవాళ్లకు కొదవ లేదు. విజయవాడలోనో హైదరాబాదులోనో కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో రోజంతా సెక్షన్ తర్వాత సెక్షన్‌కి అదే పాఠం చెప్పి, వారాంతపు పరీక్షల పేపర్లు దిద్ది అలసిపోయినవాళ్లు ‘బోర్డింగ్ స్కూలుకి వెళ్లిపోతే ఎలా ఉంటుంది?’ అని అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నది. అక్కడి అసలు పని పీరియడ్‌లో ఉండదు, పీరియడ్ అయ్యాక మొదలవుతుంది. ఆ సంగతి మనసుకు ఎక్కితే మిగతా సలహాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

రోజు ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. బడికీ బడికీ తేడాలున్నా వరస ఇంచుమించు ఒకటే. తెల్లవారగానే పీటీ, టిఫిను, అసెంబ్లీ, మధ్యాహ్నం దాకా తరగతులు. భోజనం తర్వాత కాస్త విశ్రాంతి, సాయంత్రం ఆటలు, స్నానాలు. ఆ తర్వాత ప్రెప్, అంటే మన గురుకులాల్లో స్టడీ అవర్స్ అంటామే, అదే. రాత్రి భోజనం, డార్మిటరీలో దీపాలార్పడం. మీకు రోజుకు నాలుగైదు పీరియడ్లే ఉండొచ్చు, తరగతిలో పాతికమందే ఉండొచ్చు. అది చూసి పని తక్కువనుకుంటే పొరపాటు. వారంలో కొన్ని సాయంత్రాలు ఆటల మైదానంలో, కొన్ని రాత్రులు పిల్లలుండే హౌస్‌లో మీ డ్యూటీ ఉంటుంది. మెస్‌లో పిల్లలతో కలిసి తినాలి. ఆదివారం ఊళ్లోకి వెళ్లే పిల్లల వెంట వెళ్లాలి. హౌస్ ట్యూటరుగా పది పన్నెండుమంది పిల్లల బాగోగులు మీకు అప్పగిస్తారు. వాళ్లకు జ్వరం వచ్చినా, ఇంటిమీద బెంగ పెట్టుకున్నా, ఫిజిక్సులో మార్కులు తగ్గినా వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసేది మీకే.

నవోదయలోనో, ఏపీఆర్‌ఎస్ లాంటి ప్రభుత్వ గురుకులాల్లోనో పనిచేసినవాళ్లకు ఈ జీవితం కొత్త కాదు. 1971లో సర్వేల్‌లో గురుకులం మొదలైన నాటినుంచి మన మాస్టార్లు ఇలా పిల్లల మధ్యే ఉండి పాఠం చెబుతూనే ఉన్నారు. ఆ అనుభవం మీకుంటే దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయండి. చాలామంది డిగ్రీల చిట్టా ముందు పెట్టి దీన్ని చివర్లో ఒక ముక్కలో తేల్చేస్తారు. తీసుకునేవాళ్లకు అన్నిటికంటే ముందు కావలసింది అదే.

ఇక ప్రెప్ సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఐసీఎస్‌ఈ పదో తరగతి లెక్కల్లో బ్యాంకింగ్ అని ఒక పాఠం ఉంటుంది. రికరింగ్ డిపాజిట్ మీద వడ్డీ కట్టాలి. పుస్తకంలో సూత్రం ఇస్తారు: నెలనెలా కట్టే సొమ్మును నెలల సంఖ్యతోనూ, దానికి ఒకటి కలిపిన సంఖ్యతోనూ గుణించి, రెండు పన్నెండ్లతో భాగించి, వడ్డీ రేటుతో గుణించి నూటితో భాగించాలి. పిల్లలు బట్టీపట్టి చేసేస్తారు. సాయంత్రం ప్రెప్‌లో ఒక పిల్లవాడు నోటుబుక్కు పట్టుకొచ్చి, “సార్, ఇందులో ఎన్ పక్కన ఎన్ ప్లస్ వన్ ఎందుకొచ్చింది?” అని అడుగుతాడు. పగలు నలభై నిమిషాల పీరియడ్‌లో అడిగి ఉంటే ‘సూత్రం అంతే, రాసుకో’ అనే మాట మన నోట్లోంచి వచ్చేసేది. ప్రెప్‌లో ఆ తొందర లేదు.

“నెలకు 500 చొప్పున ఏడాది కడితే, మొదటి నెల కట్టిన 500 ఎన్ని నెలలు బ్యాంకులో ఉంటుంది?” అని అడగండి. పన్నెండంటాడు. రెండో నెలది పదకొండు. చివరిది ఒక్క నెల. ఇప్పుడు పన్నెండు నుంచి ఒకటి దాకా కూడమనండి. కొంతమంది వేళ్లమీద కూడతారు, కొంతమంది మొదటిదాన్నీ చివరిదాన్నీ జతచేసి పదమూళ్లు ఆరు అంటారు. ఎలా చేసినా 78 వస్తుంది. అంటే ఏడాదిపాటు నెలనెలా 500 కట్టడమూ, 500ని 78 నెలలు బ్యాంకులో ఉంచడమూ వడ్డీ లెక్కకు ఒకటే. ఇంకోలా చెబితే 39,000 రూపాయలు ఒక్క నెల ఉంచినట్టు. వడ్డీ ఏడాదికి 8 శాతమైతే ఒక నెలకు 260 రూపాయలు. సూత్రంలో వేసి చూసినా అదే 260. అప్పుడు వాడి మొహంలో మార్పు చూడాలి. సూత్రం పుస్తకం వాళ్లది కాకుండా వాడిదైపోతుంది. మర్నాడు పక్కవాడికి వాడే చెబుతాడు.

ఇందులో మీరు చెప్పింది ఏమీ లేదు. అడిగినవి రెండు మూడు ప్రశ్నలు, మధ్యలో కూడిక అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవడం. ఈ మౌనమే కోచింగ్ నుంచి వచ్చినవాళ్లకు అన్నిటికంటే కష్టం. పిల్లవాడు ఒక్క నిమిషం ఆగితే చాలు, మన చేయి వాడి పెన్ను మీదికి పోతుంది. ఎంట్రెన్స్ కోసం నిమిషానికో ప్రశ్న చేయించాల్సిన చోట ఆ అలవాటు పనికొచ్చింది. ఇక్కడ అది పిల్లవాడి ఆలోచనను తుంచేస్తుంది. మొదటి టర్మ్ అంతా ఒక్క నియమం పెట్టుకోండి: ప్రెప్‌లో పిల్లల నోటుబుక్కులో మీరు పెన్ను పెట్టకూడదు. రాసి చూపించాల్సి వస్తే వేరే చిత్తుకాగితం మీద వేరే అంకెలతో చేసి చూపించండి. వాళ్ల లెక్క వాళ్లకే వదలండి.

షార్ట్‌కట్లు చెప్పొద్దనడం లేదు. ఈ పిల్లల్లోనూ జేఈఈ రాసేవాళ్లు ఉంటారు, పదకొండులో వాళ్లకు మీ వేగం కావాలి. కానీ వాళ్ల పక్క బల్లమీదే తండ్రి వ్యాపారం చూసుకోబోయేవాడు, బొమ్మలు వేయడానికి డిజైన్ కాలేజీకి వెళ్లబోయే అమ్మాయి, విదేశాల్లో అర్థశాస్త్రం చదవబోయేవాడు కూర్చుంటారు. ర్యాంకు అనే ఒక్క మాటతో వీళ్లందరినీ చదివించలేరు. లెక్క బాగుంది కాబట్టి చేయాలనిపించేలా చెప్పాలి. అదే ఈ ఉద్యోగంలో కష్టం, నన్నడిగితే సుఖం కూడా.

సిలబస్ విషయంలో ముందే జాగ్రత్తపడండి. బడి పేరు చూసి కాదు, బోర్డు చూసి తయారవ్వాలి. సనావర్‌ది సీబీఎస్‌ఈ, రిషి వ్యాలీది ఐసీఎస్‌ఈ, ఐఎస్‌సీ. కొన్ని చోట్ల ఐబీ, కేంబ్రిడ్జి కూడా నడుస్తాయి. మన ఇంటర్ ఎంపీసీ చెప్పినవాళ్లకు కలనగణితం, సదిశలు, సంభావ్యత కొట్టినపిండే. కానీ ఐసీఎస్‌ఈలో ఉండే జీఎస్టీ, షేర్లు-డివిడెండ్లు, రికరింగ్ డిపాజిట్ లాంటివి ఎప్పుడూ చెప్పి ఉండరు. ఐఎస్‌సీ పన్నెండులో 80 మార్కులు పేపరుకు, 20 ప్రాజెక్టులకు. ఐబీలో ప్రతి పిల్లవాడూ తనకు నచ్చిన విషయం మీద పన్నెండు నుంచి ఇరవై పేజీల గణిత వ్యాసం రాయాలి, మొత్తం మార్కుల్లో దాని వాటా 20 శాతం. వాడు రాసేదాన్ని మీరు దిద్దాలేగానీ మీరు రాసివ్వకూడదు. కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈలో ఏళ్లతరబడి కాలిక్యులేటర్ బల్లమీదే ఉండేది, 2025 పరీక్షల నుంచి కాలిక్యులేటర్ లేని పేపరు కూడా వచ్చింది. నోటిలెక్కలు గట్టిగా నేర్పగల మన మాస్టార్లకు అక్కడ మంచి గిరాకీ ఉంటుంది. ఏ బోర్డుకైనా గత మూడు నాలుగేళ్ల ప్రశ్నపత్రాలు తెచ్చుకుని, మీరే గడియారం పెట్టుకుని రాసి చూడండి.

ఇంటర్వ్యూకి పిలిస్తే డెమో తప్పదు. కొన్ని బళ్లు ఒకటిరెండు రోజులు అక్కడే ఉండమంటాయి. భోజనాల దగ్గర పిల్లలతో మీరెలా మాట్లాడుతున్నారో చూసేందుకే అది. డెమోలో మనవాళ్లు చేసే పని బోర్డు నిండా మూడు కష్టమైన సమస్యలు చకచకా చేసి చూపించడం. మీకు లెక్కలు వచ్చని వాళ్లకు మీ బయోడేటా చూస్తేనే తెలుసు. పిల్లలతో చేయించగలరా లేదా అనేది చూస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదికో పదికో వర్గసమీకరణాలు చెప్పమన్నారనుకోండి. సూత్రంతో మొదలుపెట్టకండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ పది ఎక్స్ ఈక్వల్స్ 39 తీసుకోండి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథంలో వాడిన సమీకరణమే ఇది. పిల్లలకు కాగితాలు, కత్తెరలు ఇవ్వండి. ఎక్స్ భుజంగా ఒక చతురస్రం కత్తిరించమనండి. పది ఎక్స్‌ని రెండుగా పంచి, ఐదు వెడల్పున్న రెండు దీర్ఘచతురస్రాలుగా దానికి రెండు పక్కల ఆనించమనండి. మూలన ఒక ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి ఎంత ముక్క కావాలని అడగండి. ఐదయిదులు ఇరవయ్యైదు అని ఎవరో ఒకరు అంటారు. ఆ 25ని రెండు వైపులా కలిపితే 64. అంటే పెద్ద చతురస్రం భుజం ఎనిమిది, అందులోంచి ఐదు పోతే ఎక్స్ మూడు. అక్కడ ఆగి చూడండి. తరగతిలో చురుకైన పిల్ల ఒకతి “మైనస్ పదమూడు కూడా సరిపోతుంది కదా సార్, అది కాగితంలో ఎక్కడుంది?” అని అడిగిందంటే మీ డెమో గెలిచినట్టే. ఎవరూ అడగకపోతే మీరే మైనస్ పదమూడు వేసి చూడమనండి. భుజం రుణసంఖ్య కాలేదు కాబట్టి బొమ్మలో అది దొరకదు, బీజగణితంలో దొరుకుతుంది. బొమ్మ ఎంతవరకు తోడొస్తుందో, ఎక్కడ అక్షరాలను నమ్ముకోవాలో పిల్లలకు ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది.

ఇంగ్లీషు గురించి చాలామంది తెలుగు మీడియం టీచర్లు భయపడతారు. యాస పెద్ద ఇబ్బంది కాదు, పిల్లలు వారంలో అలవాటుపడతారు. చూసుకోవాల్సింది గణితవాక్యాన్ని నోటితో స్పష్టంగా పలకడం. బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, వర్గం మొత్తానికా చివరి పదానికేనా అన్నది వినగానే తెలియాలి. ఇంట్లో బోర్డు చూడకుండా ఒక రుజువు బయటికి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలుస్తుంది.

రాయడం కూడా సాధన చేయాలి, ఎందుకంటే ప్రతి టర్మ్ చివర ప్రతి పిల్లవాడి మీదా రిపోర్టు రాయాలి. ‘ఇంకా కష్టపడాలి’ అని రాస్తే అది ఏ పిల్లవాడికైనా సరిపోతుంది, అంటే ఎవరికీ సరిపోదు. ‘భిన్నాలున్న సమీకరణాల్లో హారం తీసేటప్పుడు గుర్తు మార్చడం మరిచిపోతున్నాడు, ప్రశ్నను జ్యామితిగా మార్చితే మాత్రం తరగతిలో అందరికంటే ముందు పట్టుకుంటాడు’ అని రాస్తే దూరాన ఉన్న తల్లిదండ్రులకు తమ పిల్లవాడు కళ్లముందు కనబడతాడు. ఇలా రాయాలంటే టర్మ్ పొడుగునా ఒక చిన్న పుస్తకంలో ఎవరు ఎక్కడ ఆగారో రాసిపెట్టుకోవాలి. ప్రెప్ డ్యూటీలోనే ఆ పని చేసేయొచ్చు. పై చదువుల సిఫారసు ఉత్తరాలకూ అదే పుస్తకం అక్కరకొస్తుంది.

లెక్కల క్లబ్బు మీ చేతికొస్తుంది, సంతోషంగా తీసుకోండి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా పిల్లలు రాయగల గణిత ఒలింపియాడ్ తొలి పరీక్ష ఐఓక్యూఎం ఉంది. మూడు గంటలు, ముప్పై ప్రశ్నలు. అక్కడ మెరిసినవాళ్లు ఆర్‌ఎంఓకి, ఐఎన్‌ఎంఓకి వెళ్తారు. దీనికి కావలసింది సిలబస్ దాటి ఆలోచించే తీరిక, బోర్డింగ్ స్కూల్లో అది పుష్కలం. రిషి వ్యాలీలో ఏళ్లపాటు పాఠాలు చెప్పిన శైలేష్ శిరాలి రాసిన పుస్తకాలు, ఆయన సంపాదకుడుగా 2012లో మొదలైన ‘అట్ రైట్ యాంగిల్స్’ పత్రిక క్లబ్బుకు మంచి సరుకు. ఒలింపియాడ్ పేరు చెప్పి నలుగురైదుగురిని మాత్రమే పోగేయకండి. లెక్కలంటే హడలిపోయే పిల్లలు కూడా పజిళ్ల కోసం వస్తారు, వాళ్లను రానివ్వండి.

ఒక విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. పిల్లలు రాత్రీపగలూ మన సంరక్షణలో ఉన్నప్పుడు హద్దులు పంతులే గీసుకోవాలి. ఒంటరిగా ఒక పిల్లవాడికో పిల్లకో లెక్క చెప్పాల్సివస్తే తలుపు తెరిచే ఉండాలి, నలుగురికీ కనబడే చోటే కూర్చోవాలి. సొంత ఫోన్ నుంచి పిల్లలకు మెసేజ్‌లు వద్దు. తల్లిదండ్రుల దగ్గర కానుకలు, డబ్బు తీసుకుని విడిగా ట్యూషన్ చెప్పడం వద్దేవద్దు. ఎవరైనా పిల్లవాడు తనమీద లైంగిక అఘాయిత్యం జరిగిందని చెబితే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయడం విధి, దాచిపెట్టడం నేరం. బడి పేరు పోతుందని ఎవరు నచ్చజెప్పినా వినాల్సిన పని లేదు. చేరిన మొదటి వారంలోనే బడి బాలల రక్షణ విధానం కాగితం అడిగి చదవండి. అలాంటి కాగితమే లేదంటే ఆ బడి గురించి మళ్లీ ఆలోచించండి.

జీతం గురించి. పేరున్న కార్పొరేట్ కాలేజీల్లో సీనియర్ లెక్చరర్లకు వచ్చేంత ఇక్కడ చేతికి రాకపోవచ్చు. కానీ క్వార్టరు, మెస్‌లో భోజనం, వైద్యం, అన్నిటికంటే ముఖ్యంగా మీ పిల్లల చదువు కలిపి చూడాలి. ఈ బళ్లలో ఫీజులు లక్షల్లో ఉంటాయి కాబట్టి సిబ్బంది పిల్లలకిచ్చే రాయితీ పెద్ద మొత్తమే. అది ఒక బిడ్డకా ఇద్దరికా, ఏ తరగతి నుంచి, సీటు ఖాయమా లేక ప్రవేశపరీక్ష రాయాలా అన్నది నోటిమాటగా కాకుండా నియామక పత్రంలో రాయించుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ, వారానికి పీరియడ్లు, రాత్రి డ్యూటీలు ఎన్నో కూడా అప్పుడే అడగాలి. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ బళ్లలో బర్సర్ అని ఒక అధికారి ఉండేదే ఇలాంటివి చెప్పడానికి.

ఇంట్లోవాళ్లతో మాట్లాడకుండా సంతకం పెట్టకండి. భార్యో భర్తో ఉద్యోగం చేస్తుంటే బడి ఉన్న చోట వాళ్లకు పనేముంటుంది? అదే బడిలో ఖాళీ ఉందా? అమ్మానాన్నలకు బాగోకపోతే రైలెక్కి ఇల్లు చేరడానికి ఎంతసేపు పడుతుంది? సిమ్లా లాంటి చోట్ల పెద్ద సెలవులు చలికాలంలో వస్తాయి. సంక్రాంతికి ఊళ్లో ఉంటారు గానీ, వేసవి ముహూర్తాల పెళ్లిళ్లకు రావడం కుదరదు. చిన్న విషయంలా కనిపిస్తుంది, రెండేళ్లు గడిచాక ఇంట్లో గొడవలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. పిల్లలకు ద్వితీయ భాషగా తెలుగు దొరక్కపోవచ్చు, ఇంట్లో మీరే నేర్పుకోవాలి.

ప్రకటనలు ఎక్కువగా చలికాలంలో, కొత్త విద్యాసంవత్సరానికి ముందు వస్తాయి. బడుల వెబ్‌సైట్లు, ఇంగ్లీషు దినపత్రికల ఆదివారం పేజీలు చూస్తుండండి. బీఈడీ లేనివాళ్లు ముందు అది పూర్తిచేసుకోవడం మంచిది. దరఖాస్తుతోపాటు మీరు స్వయంగా తయారుచేసిన ఒక వర్క్‌షీట్ పంపండి, ఏ పుస్తకంలోంచీ ఎత్తిరాయనిది. ఆటలైనా, సంగీతమైనా, చదరంగమైనా మీకొచ్చింది ఉంటే రాయండి, సాయంత్రం డ్యూటీలు దాన్నిబట్టే పంచుతారు. చేరాక రాజీనామాకు ఎంత గడువివ్వాలో చూసుకోండి. చాలాచోట్ల ఒక టర్మ్ ముందు చెప్పాలి. నచ్చకపోయినా పది, పన్నెండు తరగతులు మీ చేతిలో ఉంటే మార్చి పరీక్షలయ్యేదాకా ఉండండి. బయటి ట్యూషన్‌కి పోయే వీలులేని పిల్లలు వాళ్లు, సాయంత్రం ప్రెప్‌లో నోటుబుక్కు పట్టుకుని వచ్చేది మీ దగ్గరికే.